కందిరీగ కుట్టిన చెంప

దూరదర్శన్‌లో తెలుగు వార్తలు మొదలయ్యే వేళకి సుందర్ రాజు ఇల్లు చేరాడు. ఎడమ చెంప ఎర్రగా కమిలి, పొంగి ఉంది. నెలలో ఇది మూడోసారి.

“ఆఫీసు కిటికీకి కందిరీగలు గూడు పెట్టాయి కరుణా. మళ్ళీ కుట్టింది,” అన్నాడు చెప్పులు విప్పుతూ.

కరుణాకుమారి యూసుఫ్‌గూడలో నర్సు. ఇలాంటివి చాలా చూసింది. సబ్బునీళ్ళతో చెంప కడిగింది. ఐసుముక్క గుడ్డలో చుట్టి అద్దింది. కుట్టిన చోటు కోసం వెతికింది. సూదిమొన పాటి చుక్క కూడా కనబడలేదు.

“ముల్లు లోపలే ఉండిపోయిందేమోనండీ?”

“లేదులే, గోటితో గీకి నేనే తీసేశా.”

ఆమె చెయ్యి ఆగిపోయింది. ముల్లు వదిలేది తేనెటీగ. కందిరీగ వదలదు.

పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఆయన తనతో అబద్ధం చెప్పడం ఆమె ఎరగదు.

ఐసు జరుపుతుంటే, చెవి వెనక నుంచి గులాబీరంగు పౌడరు వేలికి అంటింది. ఆ ఇంట్లో అలాంటి పౌడరు లేదు. చెంప మీది చారలు చూసింది. నాలుగు. సన్నటి వేళ్ళు. ఆడదాని వేళ్ళు!

ఫిల్మ్‌నగర్‌లో ఓ రచయిత దగ్గర కథలు ఫెయిర్ కాపీ చేస్తున్నానని చెప్పే మనిషిని కొట్టేంత చనువు ఎవరికుంది? కొడితే ఈయన ఎందుకు పడుతున్నాడు?



మర్నాడు సెలవు పెట్టి, కొంగు తలమీద కప్పుకుని వెనకే వెళ్ళింది. ఆయన రచయిత ఆఫీసు వైపు తిరగనే లేదు. జూబ్లీహిల్స్ బండరాళ్ళ మధ్య ఓ పెద్ద మేడ. దాని పెరటి గేటు తోసుకుని, అలవాటైన వాడిలా లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె చాలాసేపు రోడ్డు మీదే నిలబడింది. చివరికి గేటు దగ్గరికి వెళ్తే వాచ్‌మన్ అడ్డుపడ్డాడు.

“ఎవరు కావాలమ్మా?”

“సుందర్ రాజు గారు.”

“రాజన్ననా? మేడమ్‌తోని లోపలున్నడు. ఎవ్వర్ని పంపొద్దన్నరు. మేడమ్ జర గుస్స మీదున్నది.”

అంతలో లోపల్నుంచి ఛెళ్ళుమని చప్పుడు.

ఆమె ఆగలేదు. వాచ్‌మన్‌ని తోసేసి, వరండా దాటి, తెర లాగేసింది.

లోపల నగలు దిగేసుకున్న ఓ పడుచుపిల్ల చెయ్యెత్తి నిలబడి ఉంది. ఆమె ఎదుట చెంప పట్టుకుని సుందర్ రాజు. ఒంటి మీద తనెన్నడూ చూడని సిల్కు చొక్కా.

“ఏవండీ!” అనబోయింది.

కళ్ళు జిగేల్మనిపించే లైట్ల వెనక నుంచి ఓ గొంతు విసుగ్గా అరిచింది: “కట్! హీరోయిన్ గారు మళ్ళీ డైలాగ్ మర్చిపోయారు, రాజూ, నీ ఎడమ చెంప వాపు కెమెరాకి తెలిసిపోతోంది, ఈసారి కుడి చెంప ఇవ్వు!”