పదకొండో రోజు క్యారేజీ

“ఇవాళ కూడా ముద్ద దిగలేదంటే డాక్టరమ్మ మనకు దక్కదు, పాస్టరుగారూ.”

అన్నది భయాలమ్మ. మిషన్ వంటమనిషి. అసలు పేరు రిజిస్టర్లో ఉంది, అక్కడే ఉండిపోయింది. గ్యాస్ పొయ్యి పేలుతుందని, ప్రార్థన గంట ఎవరి నెత్తినో ఊడిపడుతుందని, డ్రైవరు బండి వెనక్కి తోలితే గోడ కూలుతుందని ఆమె భయపడని రోజు లేదు. పదహారేళ్లుగా గంట ఊడిపడలేదు. “ఈ ఏడాది పడుతుంది చూడండి” అంటుంది.

పడాల్సిన పిడుగు ఇంకోచోట పడింది. నాలుగేళ్ల పాప మూడు రోజుల జ్వరంతో పోయింది.

మిషనరీల కాంపౌండు మొత్తానికి ఒక్కతే పాప. పొద్దస్తమానం డాక్టరమ్మ ఒళ్లోనే ఉండేది. కన్నుమూసిందీ ఆ ఒళ్లోనే. అప్పట్నుంచి డ్రైవరు గేటు దగ్గర హారన్ కొట్టడం మానేశాడు. కొడితే పరిగెత్తుకొచ్చేవాళ్లు లేరు. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఆగి కళ్లజోడు తుడుచుకుంటున్నారు; అద్దాలు శుభ్రంగానే ఉంటున్నాయి. డాక్టరమ్మ మాత్రం ఏడవలేదు. ఆస్పత్రికి వెళ్తుంది, రోగుల్ని చూస్తుంది, వచ్చి తలుపేసుకుంటుంది. రోగులతో తప్ప ఎవరితోనూ మాట లేదు.

మిషన్‌లో ఒక కట్టుబాటు ఉంది. చావు జరిగిన ఇంట్లో నెల రోజులు పొయ్యి వెలిగించనివ్వరు. మిగతా ఇళ్లవాళ్లు వంతులు వేసుకుని క్యారేజీ పంపుతారు. పనిలో పనిగా భయాలమ్మ చేతిలోంచి మిషన్ గరిటె కూడా లాక్కున్నారు. కూరలో రెండుసార్లు ఉప్పు వేసిందని మిషన్ బడి టీచరమ్మ సాకు. “నీ కూర తిని నీళ్ల ట్యాంకు ఖాళీ చేశాం” అన్నాడు డ్రైవరు. అని, ఎందుకో తల తిప్పుకున్నాడు.

చేతికి పని లేకపోతే బుర్రకు పని ఎక్కువ. ఇన్నాళ్లూ పాప వెనక తిరిగిన భయం, ఇప్పుడు డాక్టరమ్మ గుమ్మానికి కాపురం మార్చింది.

పదకొండో రోజు మధ్యాహ్నం, టీచరమ్మ తెచ్చిన క్యారేజీ అందుకుని భయాలమ్మ బయల్దేరింది. పాస్టరుగారు అడ్డుపడ్డారు.

“నువ్వొద్దులేమ్మా. నిన్ను చూస్తే ఆవిడ ఇంకా కుంగిపోతుంది.”

“నేనేమైనా దయ్యాన్నా?” అంటూ చెప్పులేసుకుంది.

డాక్టరమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. టేబుల్ నిండా లావుపాటి వైద్యం పుస్తకాలు, అన్నీ తెరిచే ఉన్నాయి. భయాలమ్మ నేలమీద చతికిలబడి క్యారేజీ విప్పింది. నోరూ విప్పింది. టీచరమ్మ అన్నం సంకటి చేస్తోందని, చెబితే మూతి ముడుచుకుంటోందని చెప్పింది. ఆస్పత్రి మెట్లమీద నాచు పట్టింది, ఎవరి నడుమో విరుగుతుందంది. ఊరందరి నాడీ పట్టుకునే డాక్టరమ్మకి ఏమైనా అయితే ఆ నాడి ఎవరు పట్టుకోవాలని అడిగింది.

భయాలమ్మ కూర కలిపి, ముద్ద చేసి, చెయ్యి చాచింది.

“కోపం నా మీదైతే తిట్టండి. తిని తిట్టండి. ఇంకొకర్ని పోగొట్టుకునే ఓపిక నాకు లేదు.”

పైన ఫ్యాను తిరుగుతోంది. వేళ్ల మధ్య ముద్ద ఆరిపోతోంది. చెయ్యి లాగుతున్నా దించలేదు.

చాలాసేపటికి డాక్టరమ్మ ఇటు తిరిగింది.

“నీ కూతుర్ని కాపాడలేనిదాన్ని, ఏ మొహం పెట్టుకుని నీ చేతి ముద్ద తిననక్కా?”