పొట్టి స్ప్రింగులు

ఎర్ర కారు మూడో మలుపులో మళ్ళీ తోక ఊపింది.

వరహాలరావు బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. కారు జారుకుంటూ పోయి లోయ అంచుకి మూరెడు దూరంలో ఆగింది.

"ఓరి దేవుడా, చచ్చాను!" అంటూ దిగి, చక్రాల వంక కొరకొరా చూశాడు.

మద్రాసు నుంచి ఏరికోరి తెప్పించిన పొట్టి స్ప్రింగులు అవి. కారుతో వచ్చినవి పీకించి, నాలుగు చక్రాలకీ వీటినే వేయించాడు. టాపు లేని ఆ రెండు సీట్ల కారు ఇప్పుడు నేలని కరుచుకుని కూర్చుంది. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. మలుపు తిరిగితే మాత్రం లోపలివైపు వెనక చక్రం గాల్లోకి లేస్తోంది!

రేపే అనంతగిరి ఘాటీలో కార్ల పందెం. ఒక్కొక్కరే కొండెక్కాలి, అందరికంటే తక్కువ టైములో పైకి చేరినవాడిదే గెలుపు.

"ఈసారి కూడా ఓడి వచ్చావో, ఆ ఎర్ర దయ్యాన్ని అమ్మిపారేస్తాను," అని విశాఖలో నాన్న ఖరాఖండీగా చెప్పేశాడు. అన్నంత పనీ చేసే మనిషి ఆయన.

ఉసూరుమంటూ కారుని కిందకి దించుకొచ్చి, ఘాటీ మొదట్లో యర్రమ్మ టీ కొట్టు ముందు ఆపాడు.

కొట్టు అరుగు మీంచి ఒక ముసలాయన లేచి వచ్చాడు. చలికి తలమీంచి కళ్ళదాకా దుప్పటి లాక్కుని ఉన్నాడు.

"బాబూ, నన్ను గాసి అంటారు. పైకెల్తే నన్నొకపాలి ఎక్కించుకుందూ."

వరహాలరావుకి చప్పున ఆలోచన వచ్చింది. పక్క సీట్లో బరువుంటే చక్రం లేవదేమో!

"నీ బరువెంత ఉంటుంది తాతా?"

"నాకేటి తెలుస్తాది బాబూ? ఓ బియ్యం బస్తా ఉంటానేమో."

"అయితే బస్తాలాగే కూర్చోవాలి. కదిలావంటే దింపేస్తాను."

గాసి కారు ఒళ్ళంతా చేత్తో తడిమాడు. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య వేళ్ళు దూర్చి చూశాడు.

"ఏటీ బండి, ఇంతలా కుంగిపోనాది?"

"కుంగలేదు, కావాలనే దించాం. నీకు అర్థం కాదులే, ఎక్కు."

కారు బయల్దేరింది.

మొదటి మలుపు ఇంకా రాకముందే గాసి ఎడమ పక్కకి ఒరిగి, సగం మనిషి తలుపు దాటి బయటికి వాలాడు.

"కదలొద్దన్నానా!"

గాసి వినిపించుకోలేదు. రెండో మలుపు కుడివైపు. అది రాకముందే వరహాలరావు భుజం మీద వాలిపోయాడు.

చక్రం లేవలేదు.

మూడో మలుపు. ఇందాక ప్రాణం పోయినంత పనైన చోటు. కారు గోడమీద బల్లిలా రోడ్డుని పట్టుకుంది.

అంతలో పొగమంచు కమ్మేసింది. ముందు ఏముందో వరహాలరావుకి తెలియడం లేదు. వేగం తగ్గించబోయాడు.

"పోనీ బాబూ, పోనీ!" అన్నాడు గాసి.

గాసి ఎటు ఒరిగితే అటు స్టీరింగు తిప్పాడు. తిప్పిన ప్రతిచోటా మలుపు ఉంది! మంచులోంచి పైకి తేలేసరికి, ఇంత హాయిగా ఈ కొండ ఎప్పుడూ ఎక్కలేదనిపించింది.

"అబ్బబ్బబ్బ! ఏం స్ప్రింగులండీ బాబూ!" అని కారుని ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు.

గాసి దిగి, పక్కనున్న కొండరాతి మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ముఖమంతా నవ్వే.

"నన్ను మరి కిందకి దించుతావా బాబూ?"

"నేను అరకు పోవాలి తాతా, స్నేహితులకి కారు చూపించాలి. దిగుడే కదా, మెల్లగా నడిచిపో."

"అలాగే బాబూ."

మర్నాడు పందెంలో వరహాలరావు ఒక్కడే కూర్చున్నాడు. స్ప్రింగులు కుదిరాక ఇంకా బరువెందుకు?

మూడో మలుపులో చక్రం లేచింది. కారు గిర్రున తిరిగి కొండవైపు కాలవలో పడింది.

అదృష్టం బాగుండి మనిషికీ కారుకీ ఏమీ కాలేదు. "మధ్యాహ్నం ఇంకోసారి ఎక్కొచ్చు. పక్కన మనిషిని కూర్చోపెట్టుకున్నా సరే," అన్నారు పందెంవాళ్ళు.

నిన్న రోడ్డుని పట్టుకున్నది స్ప్రింగులు కాదని అప్పటికి వరహాలరావు బుర్రకెక్కింది.

ఒక్క ఉదుటున టీ కొట్టుకి వచ్చిపడ్డాడు.

"యర్రమ్మా! గాసి తాత ఏడీ?"

"పొద్దున బండికే ఎల్లిపోనాడు బాబూ. కోరాపుట్ అవతల కూతురింటికి. ఇంక ఈ కొండకి రాడు."

వరహాలరావు అరుగు మీద కూలబడ్డాడు. కారు పోయినట్టే.

"నిన్న ఆయన్ని పైన ఒగ్గీసింది నువ్వే కదేటి?"

వరహాలరావు తల దించుకున్నాడు. "నడిచి వచ్చాడా? నన్ను తిట్టాడా?"

"తిట్టనేదు, ఏటీ నేదు. 'ఎల్లిపోయే ముందు నా రోడ్డు ఒకపాలి సూసుకున్నానే యర్రీ, వంపులన్నీ ఎక్కడియక్కడే ఉన్నాయి' అని ఒకటే నవ్వు."

"ఆయన రోడ్డేంటి?"

"ఈ రోడ్డు తవ్వినోల్లలో ఇంక మిగిలింది ఆయనే."

వరహాలరావు తలెత్తి కొండ మీది రోడ్డు వంక చూశాడు.

"నిన్న మంచులో నాకే ఏమీ కనపడలేదు యర్రమ్మా. ఆయన మాత్రం మలుపు రాకముందే ఒరిగేవాడు. ఒక్కటి తప్పితే ఒట్టు! ఈ వయసులో అదేం చూపు తల్లీ!"

యర్రమ్మ గ్లాసులు కడగడం ఆపి, అతని వంక వింతగా చూసింది.

"సూపేటి బాబూ, ఈ రోడ్డు కోసం కొండ పేల్సినప్పుడే ఆయన రెండు కళ్ళూ పోనాయి."