పక్క మెట్టు

“వీడు హనుమయ్య కాదు!” చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి మంచం మీద పడేశాడు వెంకటసుబ్బారావు. “నలభై ఏళ్ళుగా నా పక్కన కూర్చుని వాయించే మనిషిని నేను గుర్తుపట్టనా అమ్మాయ్? నీ కంప్యూటర్ హార్మోనియం ఇస్త్రీ చొక్కాలా ఉంది. ఒక్క మడతా లేదు.”

కీర్తన చున్నీతో మొహం తుడుచుకుంది. రికార్డింగ్ అయ్యేదాకా ఫ్యాను వేయడానికి లేదు. కృష్ణలంకలో తమ ఇంటి వెనక గదికి పాత బొంతలు వేలాడదీసి స్టూడియో చేసుకుందామె. పెళ్ళి వీడియోలకి పాటలు చేసిస్తుంది. ఇవాళ్టి పని మాత్రం ఇంటివాళ్ళ కోసం. మామగారు హనుమయ్య బాత్రూములో జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. పద్యనాటకాల పోటీలకి సుబ్బారావు పాడే పద్యం సాయంత్రం ఐదులోపు పంపాలి. దాంతోపాటు ఏ హార్మోనిస్టు పేరు వెళితే, రెండు నెలల తర్వాత స్టేజీ మీద ఆయనే కూర్చోవాలి. అప్పటికి కట్టు విప్పేస్తారు.

“ఇంకొక్కసారి చూద్దాం బాబాయిగారూ.”

“ఎందుకమ్మా శ్రమ? హనుమాన్ జంక్షన్‌లో బసవపున్నయ్య ఉన్నాడు. ఫోన్ కొడితే హార్మోనియం పెట్టె పట్టుకుని గంటలో దిగుతాడు.”

ముందు గదిలో పేపరు చప్పుడు ఆగిపోయింది. హనుమయ్య పొద్దుట్నుంచీ అదే పేజీ చదువుతున్నారు. బసవపున్నయ్య ఒకసారి హార్మోనిస్టు కుర్చీలో కూర్చుంటే మళ్ళీ లేచే రకం కాదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

“అరగంట ఇవ్వండి. ఈలోగా మజ్జిగ తాగండి,” అంది కీర్తన.

మంగళగిరిలో వాళ్ళిద్దరూ వేసిన నాటకాన్ని ఆమె ఇదివరకే ఫోన్‌లో వీడియో తీసింది. అది వింటూ మామగారు వాయించిన ప్రతి స్వరాన్నీ చిన్న కీబోర్డు మీద నొక్కింది. ఏ మెట్టు ఎప్పుడు నొక్కిందో, ఎంతసేపు నొక్కి ఉంచిందో కంప్యూటర్ గుర్తుపెట్టుకుని, దానికి హార్మోనియం గొంతు ఇస్తుంది. పొద్దున కూర్చుని అన్నిటినీ గీత గీసినట్టు సరిచేసింది. ఇప్పుడు ఆ సరిచేసిందంతా చెడగొట్టడం మొదలెట్టింది. ఒక స్వరాన్ని వెంట్రుకవాసి వెనక్కి లాగింది, ఇంకోదాన్ని ముందుకు జరిపింది, కొన్నిటిని గట్టిగా నొక్కి చూసింది.

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు హనుమయ్య, మెడలో కట్టుగుడ్డతో.

“మెట్టు గట్టిగా నొక్కితే ఏం లాభం తల్లీ? శబ్దం పెరిగేదీ తగ్గేదీ గాలితిత్తి ఊపుతోనే.”

“నువ్వు మాట్లాడకురా, తిన్నగా నడవడం చేతకానివాడివి!” మజ్జిగ గ్లాసుతోనే కసిరాడు సుబ్బారావు.

“నువ్వు తిన్నగా పాడు ముందు,” గొణుక్కుంటూ వెళ్ళిపోయారాయన.

కీర్తన కీబోర్డు పక్కనున్న చక్రాన్ని వేలితో తిప్పుతూ తిత్తిలో గాలి నిండినట్టూ తగ్గినట్టూ శబ్దాన్ని కదిలించింది. మామగారి పాత పెట్టె తెచ్చి, ఉత్తి మెట్ల టకటకని మైకులో పట్టి అడుగున కలిపింది.

సుబ్బారావు మళ్ళీ హెడ్‌ఫోన్లు తగిలించుకుని పాడాడు. మొదటి పాదానికే కళ్ళు మెరిశాయి. రెండు, మూడు బాగా నడిచాయి. చివర రాగం పైకి లేచేసరికి మొహం ముడుచుకుని ఆపేశాడు.

“పెట్టెకి ఊపిరొచ్చిందమ్మా, కాదనను. కానీ ఆ చివర నా గొంతు ఒక దారి, నీ పెట్టె ఒక దారి. హనుమయ్య ఉంటే ఇలా కాదు.” జేబులోంచి ఫోన్ తీశాడు. “మూడున్నరయింది. బసవపున్నయ్యకి చెప్పేస్తా.”

అప్పుడు గుర్తొచ్చింది కీర్తనకి. వీడియోలో మామగారు ఆ చివర్లో పై మెట్టు నొక్కాల్సిందిపోయి, దాని కింద పక్క మెట్టు నొక్కారు. నాటకం అయ్యాక అందరి ముందూ సుబ్బారావు తిట్టాడు కూడా. పోటీకి వెళ్ళేదాంట్లో మామగారి తప్పెందుకని పొద్దున తనే దాన్ని దిద్దేసింది.

“బాబాయిగారూ, ఒక్క నిమిషం.”

ఆ స్వరాన్ని మళ్ళీ కిందికి దించింది.

సుబ్బారావు సగం మనసుతో పాడటం మొదలెట్టాడు. చివర రాగం లేచింది. ఈసారి గొంతూ పెట్టే అతుక్కుపోయాయి, ఏది ఏదో విడదీయలేనట్టు. ఆయన కళ్ళు మూసుకుని కడదాకా పాడి, హెడ్‌ఫోన్లు తీయకుండానే తొడ చరిచాడు.

“వచ్చాడమ్మా మా హనుమయ్య! మళ్ళీ అక్కడే తప్పాడు వెధవ! నలభై ఏళ్ళు తిట్టినా మార్చుకోలేదు. ఉండనీ, ఆ తప్పు లేకపోతే నాకు పాడినట్టే ఉండదు. హార్మోనియం హనుమయ్య అని రాసి పంపించెయ్.”

ఐదుకి ఇంకా ముప్పావుగంట ఉండగా పద్యం వెళ్ళిపోయింది. కీర్తన ఫ్యాను వేసి, ఆ గాలి కింద కాసేపు ఊరికే నిలబడింది. సుబ్బారావు స్కూటర్ కదిలాక ముందు గదిలోకి వెళ్ళింది.

“మీ కుర్చీ మీదే మావయ్యగారూ. మీ తప్పు అలాగే ఉంచితేనే బాబాయిగారు ఒప్పుకున్నారు,” అని నవ్వింది.

హనుమయ్య పేపరు మడిచి పక్కన పెట్టారు. ఎడమ చేత్తో కిటికీ వైపు చూపించారు.

“వాడు సందు మలుపు తిరిగాడా?”

కీర్తన కిటికీలోంచి చూసింది. “తిరిగారండీ.”

“అది తప్పు కాదు తల్లీ. వాడి గొంతు ఏనాడూ ఆ పై మెట్టు ఎక్కలేదు.”