నాలుగో ప్రాక్సీ

గౌతమి ఉదయం నుంచి ఇంటర్నెట్‌లో దొరికే ఉచిత కార్స్ (CORS) ప్రాక్సీలు పరీక్షిస్తోంది.

బళ్ళారిలో ఏ రక్తనిధిలో ఏ గ్రూపు రక్తం ఉందో ఒకేచోట చూపించే పేజీ తయారుచేసింది. వేరే వెబ్‌సైట్ల సమాచారం నేరుగా అందులోకి తేవడానికి బ్రౌజర్ ఒప్పుకోలేదు. మధ్యలో ఉండి తెచ్చిచ్చే ప్రాక్సీ కావాలి.

మొదటిది యాభైసార్లకే ఆగిపోయింది. రెండోది నత్తనడక. మూడోది గంటకోసారి మొరాయించింది.

నాలుగోదానికి సరైన పేరు కూడా లేదు. కానీ ఒక్కసారీ తప్పలేదు.

‘పరీక్షలకు మాత్రమే’ అని రాసి ఉన్నా, దాన్నే ఖాయం చేసింది.

ఆర్నెల్లు పేజీ బాగా నడిచింది.

ఒకరోజు సత్యనారాయణపేటలోని ఆమె ఆఫీసుకు ఒకాయన వచ్చాడు. మెట్లెక్కిన ఆయాసం. గోళ్లకు జీన్స్ రంగు.

“నా పేరు పరశురామ్ అమ్మా. మీ పేజీ ఉచిత ప్రాక్సీ మీద నడుస్తాండాది. అది ఎక్కువ దినాలు ఉండదు. సొంతంది పెట్టుకోండి.”

“నీకెట్ల తెలుసప్పా?”

“కోడ్ చూస్తే తెలుస్తాది. అర గంట కూర్చుంటే నేనే పెట్టిస్తా.”

“యాడ పనిచేస్తావు?”

“జీన్స్ వాషింగ్ యూనిట్లో.”

గౌతమికి నవ్వొచ్చింది.

“బట్టలుతికేది వదిలి ఈ పని అడిగేకి వచ్చినావా? ఈడ ఖాళీల్లేవు.”

“పని కోసం కాదమ్మా...”

“సుమ్నే, ఊరకే టైం తినొద్దప్పా. పో.”

ఆయన గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

నెల తర్వాత ఒక ఉదయం నాలుగో ప్రాక్సీ ఆగిపోయి, పేజీ ఖాళీ అయిపోయింది.

ఆసుపత్రి నుంచి పక్కీరప్ప అనే రైతు ఫోన్ చేశాడు. “నా కూతురు కాన్పుకు రక్తం కావాల తల్లీ. మీ పేజీలో ఏమీ లేదే!”

అతను ఊరంతా తిరిగి రక్తం తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. కూతురు బతికింది. పుట్టిన బిడ్డ దక్కలేదు.

గౌతమికి ఒళ్లు మండిపోయింది. ప్రాక్సీ పేజీ అడుగున చూసి ఎప్పుడో రాసుకున్న నంబరుకు ఫోన్ చేసింది.

“రక్తం పేజీ గౌతమిని. చెప్పాపెట్టకుండా ఎట్ల ఆపుతారు మీరు?”

అవతల ఒక ఆడగొంతు.

“నేను హంపమ్మనమ్మా, రూపనగుడి నుంచి. అది నడిచే కంప్యూటర్ మా తమ్మునిది. కిడ్నీలు చెడిపోయి సచ్చిపోయె.”

“అంత బాగలేనప్పుడు ముందే చెప్పాల గదా!”



“చెప్పేకే మీ ఆఫీసుకు వచ్చె గదమ్మా మా పరశురామ్, మీరు సొంతంది పెట్టుకొనేదాకా ఆర్పొద్దని పోతా పోతా మాట తీసుకొనె, వాని దినాలయ్యేదాకా ఆర్పక పెట్టుకొంటిమి.”