జానెడు పట్టీ

“పట్టీ కొస వెనక్కి తిప్పి మళ్లీ బకిల్లో దూర్చు, నాయనా. జారిపోతుంది.”

చెట్టు కింద నిలబడి నడుముకు బెల్టు బిగించుకుంటున్న ఉడుత తలెత్తి చూశాడు.

పక్కనే బస్టాపు. చేతిలో సంచితో ఒక పెద్దావిడ.

చెట్లెక్కి కొమ్మలు కొట్టడం అతని పని. ఉడుత అన్న పేరు అలా వచ్చిందే. ఇప్పటి ఒంటికి మాత్రం ఆ పేరు నప్పదు.

“తిప్పడానికి కొస మిగలాలిగా!” అన్నాడు విసురుగా.

“పొట్ట పెరిగింది, పట్టీ పెరగలేదు,” అంది ఆవిడ.

కింద తాడు పట్టేవాడు కిసుక్కున నవ్వాడు. ఉడుతకు ఒళ్లు మండింది.

“చూడమ్మా, ఇది కొట్లో కొన్నది కాదు. మా గురువుగారు ఇంట్లో కుట్టుకున్నది. పని మానేసి సొంతూరికి పోతూ నా చేతిలో పెట్టారు. ఆయన పోయారు గానీ, ఇందులో ఇప్పటికీ ఒక్క కుట్టు ఊడలేదు. కంపెనీ బెల్టులు దీని ముందు దిగదుడుపే!”

ఆవిడ వంగిన నడుం నిటారైంది.

“ఒక్కటీ ఊడలేదా?”

“ఒక్కటంటే ఒక్కటి!”

“అయితే ఆ వీపు మెత్త విప్పి చూడు. లోపల జానెడు పట్టీ మడిచి ఉంటుంది. వదులు చేసుకో.”

“మా గురువుగారి బెల్టులో ఏముందో నాకు తెలీదా? అదిగో నీ బస్సు, వెళ్లమ్మా.”

ఆవిడ మెట్టెక్కుతూ కూడా వెనక్కి తిరిగి బెల్టునే చూసింది.

ఉడుత చెట్టెక్కాడు. పై కొమ్మ దగ్గర తాడు మీద వెనక్కి వాలాడు.

బకిల్లో పట్టీ సర్రున జారింది.

రెండు చేతులా కొమ్మను వాటేసుకున్నాడు.

దిగాక మెత్త కుట్టు విప్పాడు. లోపల జానెడు పట్టీ. ఎండ తగలక కొత్తదానిలా ఉంది. ఎర్రదారంతో టాకా వేసి ఉంది.

గురువుగారి ఇంటివాళ్లలో అతనికి తెలిసింది ఆయన తమ్ముడొక్కడే. ఫోన్ చేశాడు.

“బాబాయ్, బెల్టులో పట్టీ మడిచిపెట్టిన సంగతి గురువుగారు నాకెందుకు చెప్పలేదు?”

“అన్నయ్యకు తెలిస్తేగా! ఆయనకు సూదిలో దారం ఎక్కించడమే రాదు.”

“మరి కుట్టిందెవరు?”

“మా వదిన. కూతుర్ని చూడ్డానికి మీ ఊరే వచ్చి, ఇవాళే తిరుగు బస్సెక్కింది. ఆమె కుట్టు ఊడదురా. మొగుడు ఎప్పటికైనా కాస్త ఒళ్లు చేయకపోతాడా అని ఆ జానెడు దాచిపెట్టింది; ఆయన పుల్లలాగే పోయాడు.”