గీత దాకా ఉందా?

"ఆయిల్ గీత దాకా ఉందా అమ్మా?" బానెట్ మీదికి వంగి అడిగాడు మామగారు.

షెడ్డులో పని నేర్చుకోవడానికి వచ్చినప్పటి నుంచి కోడలికి ఇదే వరస. ఆయిల్ రంగేమిటి, గొట్టం పగిలిందా అని ఆయన అడగడం, ఆమె చూసి చెప్పడం. రోజూ పరీక్షే! ఇవాళ కాస్త ఆటపట్టించాలనిపించింది.

ఇంజన్లోంచి లాగిన ఆయిల్ స్టిక్కుకి చుక్క కూడా అంటలేదు. "నిండుగా ఉంది మామయ్యా" అంటూ ఆయన ముక్కు ముందే పట్టుకుని, చీవాట్ల కోసం ఎదురుచూసింది.

ఆయన దానికేసి చూశాడు. "శభాష్. స్టార్ట్ చెయ్."

ఆమె స్టిక్కుని ఆయన కళ్లకి ఇంకా దగ్గరగా జరిపింది. "చుక్క ఆయిల్ లేదు మామయ్యా. మీకు కనబడటం లేదా?"

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, తుడిచిన చోటే మళ్లీ మళ్లీ. "మీ అత్తయ్యకి చెప్పకమ్మా. షెడ్డు మూయించేస్తుంది."

సరేనని తలూపబోయిన ఆమెకు ఠక్కున గుర్తొచ్చింది. "నిన్న నేను రాలేదు కదా. కొండదారిన వెళ్తామని మొన్న కారు ఇచ్చి వెళ్లారే, దాని బ్రేకులు ఎవరు చూశారు?"

"చేత్తో తడిమి బిగించాను. అలవాటైన చెయ్యే కదమ్మా..."

ఆ మాట ఆయనకే నమ్మబుద్ధి కాలేదు. గుడ్డ కింద పడేశాడు.

"ముందు వాళ్లకి ఫోన్ చెయ్యి, బండి కదపొద్దని. తర్వాత మీ అత్తయ్యకి."