పెట్టెకిచ్చిన హారతి

మా ఆడపడుచు అనసూయకు చిన్నప్పటి నుంచీ గాయకుడు శశిమోహన్ పాటలంటే పిచ్చి. ఇప్పుడు ఆయన గొంతు ఇంటింటా ఒక మాట్లాడే పెట్టెలో ఉంది. వినేవాళ్ళ పేరు కలిపి రోజుకో కొత్త పాట పాడుతుంది. ఆయన పుట్టినరోజున అనసూయ వీధి ఆడవాళ్ళను పిలిచి, పెట్టెకు బొట్టు పెట్టి, హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టింది.

అప్పుడే ఒక ముసలాయన గుమ్మంలో నిలబడ్డాడు. శశిమోహనే.

"నా గొంతును ఈ పెట్టెల కంపెనీకి అమ్ముకున్నానమ్మా. నా నోటితో పాడితే వినేవాళ్ళే లేరు. మీకిష్టమైన పాట ఒక్కటి పాడనా?" అన్నాడు.

అనసూయకు ప్రాణమైన పాత పాటే ఎత్తుకున్నాడు. పైస్థాయిలో గొంతు వణికింది. నాకు కళ్ళు చెమర్చాయి. అనసూయ మొహం చిట్లించింది.

"ఇక ఆపు తాతా! పాటని ఖూనీ చేస్తున్నావు. నా పేరేది అందులో?"

"ఆయనేనే, నీ శశిమోహన్!" అన్నాను.

"తెలుసులే వదినా. అయితే ఏంటి? పెట్టె ఇంతకన్నా బాగా పాడుతుందిగా!"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అనసూయ ఆయన చేతిలో ఒక కొబ్బరి ముక్క పెట్టి పెట్టె మోత పెంచింది. తన పేరున కొట్టిన కాయ ముక్కను నములుతూ ఆయన మెట్లు దిగిపోయాడు.

"అనసూయా, పాట నచ్చిందా?" అని అడిగింది పెట్టె.

అనసూయ కొంగు సర్దుకుని, చేతులు జోడించింది.

"చాలా బాగా పాడారండీ."